గంజి కొట్టు ముందు స్టాపు లేదు

"సెంటర్, ఏడో బండి. మళ్ళీ చెబుతున్నాను, పట్టాల మీద ట్రక్కు ఉంది."

"పట్టాల మీదా, పట్టాల పక్కనా?"

"మీదే. ముందు చక్రాలు రెండూ పట్టాల మధ్య గడ్డిలో ఉన్నాయి."

"అందులో మనిషున్నాడా?"

"లేడు. తలుపులు వేసున్నాయి."

"గంట కొట్టావా?"

"కొట్టాను."

"గట్టిగా కొట్టావా?"

"గంటకి గట్టిగా, మెల్లిగా అని ఉండదు సెంటర్. ఒకటే మోత."

"హారనో?"

"అదీ అయింది. ఎదురింటి కుక్క వచ్చి చూసి వెళ్ళింది."

జూలై నెల, మిట్టమధ్యాహ్నం. తైవాన్ దక్షిణాన ఒక రేవు పట్టణం; అక్కడ జూలై అంటే నడివేసవి. వీధుల వెంట ఊరి చుట్టూ గుండ్రంగా తిరిగే లైట్ రైలులో ఏడో నంబరు బండి రెండు స్టాపుల నడుమ, ఒక పాలబొంత చేప గంజి కొట్టు ఎదుట నిలిచిపోయింది. నడుపుతున్నది యున్‌చెన్. రేడియోలో అవతల కంట్రోల్ సెంటర్ నుంచి మాట్లాడుతున్నది లియావ్. నుదుటి మీదికి లాగిన టోపీ, నల్ల కళ్ళజోడు, మూతికి మాస్కు, మోచేతుల దాకా ఎండ తొడుగులు వేసుకుని, యున్‌చెన్ ఆ కొట్టు వైపు మాత్రం చూడకుండా కూర్చుంది.

"ఏడో బండీ, ట్రక్కు ఎలా ఉంటుందో చెప్పు."

"నీలం రంగు. బుల్లిది. వెనక చేపల పెట్టెలున్నాయి."

"నువ్వు పంపిన నంబరు పోలీసులకి ఇచ్చాను. వాళ్ళు చూసి చెబుతామన్నారు. కరెంటు ఎంతుంది?"

"సగానికి కాస్త పైన. ఏసీ తాగేస్తోంది."

"వచ్చే స్టాపు దాకా చాలుతుందా?"

"ఇప్పుడు కదిలితే చాలుతుంది."

"ఇప్పుడు కదలవుగా."

"కదలను."

"అయితే ఏసీ తగ్గించు. లోపల ఎంతమంది?"

"అరవై మంది దాకా. ఒకావిడ చేతిలో ఐస్‌క్రీం కేకు ఉంది. మనవరాలి పుట్టినరోజుట. ఎప్పుడు కదులుతామని ఇప్పటికే మూడుసార్లు అద్దం కొట్టింది."

"ఏం చెప్పావు?"

"ఏసీ గాలి బాగా వచ్చే చోటు చూపించాను."

"ఇప్పుడది తగ్గించు."

"తగ్గించాను."

"మంచిది. పక్కన కొట్టేదో ఉన్నట్టుంది కదా. వాళ్ళని అడుగు. ట్రక్కెవరిదో తెలిసే ఉంటుంది."

"ఇంకెవరినైనా పంపండి సెంటర్."

"ఎవరిని పంపను? సూపర్‌వైజరు స్కూటరు మీద బయల్దేరాడు. ఈ ఎండలో, ఈ ట్రాఫిక్‌లో ఎప్పటికి వస్తాడో. కిటికీ తీసి అడుగు."

"అడగలేను."

"నోరుంది కదా."

"అడగకూడదు."

"అడగలేవా, అడగకూడదా?"

"రెండూను."

"ఏడో బండీ, నీ వెనక పదకొండో బండి ఆగిపోయింది. దాని వెనక మూడోది ఆగబోతోంది. మనది గుండ్రటి దారి. నువ్విలాగే కూర్చుంటే సాయంత్రానికి నీ ముందు వెళ్ళిన బండి కూడా ఊరు చుట్టి వచ్చి నీ వెనకే నిలబడుతుంది. అడుగు."

"ఆ గంజి కొట్టు మా అమ్మది."

"ఇంకేం. మరీ సులువు."

"మా అమ్మకి నేను ఈ ఊళ్ళో ఉన్నానని తెలియదు."

"ఏ ఊళ్ళో ఉన్నావనుకుంటోంది?"

"ఉత్తరాన, తైపేలో. ఇన్సూరెన్స్ ఆఫీసులో."

"ఎన్నాళ్ళుగా?"

"ఈ ఉద్యోగంలో చేరినప్పటి నుంచి. రెండేళ్ళు."

"రోజుకి ఎన్నిసార్లు వెళతావు ఆ కొట్టు ముందు నుంచి?"

"ఏడు. ఒక్కో రోజు ఎనిమిది."

"ఈ మాటలన్నీ రికార్డవుతాయని తెలుసు కదా."

"తెలుసు సెంటర్."

"సరే. ఎలాగూ రికార్డవుతోంది కాబట్టి నేనూ అడుగుతాను. ఎందుకూ?"

"ఈ వీధిలో లైట్ రైలు వద్దని ముందు నిలబడింది మా అమ్మే. రోడ్డు ఇరుకైపోతుందని, స్కూటర్లు ఆపుకునే చోటు పోతుందని. పొక్లెయిన్‌కి అడ్డంగా పడుకున్న ఆవిడ ఫోటో పేపర్లో వచ్చింది. మీరూ చూసే ఉంటారు."

"చేతిలో గరిటె ఉన్నావిడా?"

"ఆవిడే."

"ఆ ఫోటో కొన్నాళ్ళు మన క్యాంటీన్‌లో అంటించారు."

"తెలుసు. దాని కిందే కూర్చుని తినేదాన్ని."

"నువ్వెప్పుడూ ఏమీ అనలేదే."

"ఏమనను? ఫోటో బాగానే వచ్చింది."

"ఏడో బండీ."

"సెంటర్, వస్తోంది."

"ఎవరు?"

"గరిటె."

"మాస్కు వేసుకున్నావా?"

"వేసుకున్నాను."

"గొంతు మార్చు."

"ఎలా?"

"నన్నడుగుతావేం? నేను బండ్లు పంపేవాణ్ణి, నాటకాలాడేవాణ్ణి కాదు."

కిటికీ అద్దం మీద టకటకమని చప్పుడైంది. యున్‌చెన్ తల్లి చిన్‌చూ బయట నిలబడి ఉంది.

"డ్రైవరమ్మా. ఇదిగో, కిటికీ తియ్యి."

"చెప్పండి పిన్నిగారూ."

"ఏంటా గొంతు? జలుబా?"

"అవునండీ."

"ఎండాకాలంలో జలుబేంటి?"

"ఏసీ వల్ల."

"అల్లం, బెల్లం వేసి మరగబెట్టుకుని తాగాలి. తాగుతున్నావా?"

"తాగుతాను."

"తాగుతానంటే తాగట్లేదని. సరే, ఎందుకాపావు రైలు?"

"ముందు ట్రక్కుంది పిన్నిగారూ."

"ఏ ట్రక్కు?"

"మీ ఎడమ చేతి పక్కన. నీలం రంగుది."

"ఓ, ఇదా."

"ఎవరిదో తెలుసా?"

"చేపలవాళ్ళది."

"వాళ్ళెక్కడికెళ్ళారు?"

"తినడానికి పోయుంటారు."

"ఎక్కడికి?"

"తినే చోటికి."

"మీ కొట్లోనే ఉన్నారేమో చూస్తారా?"

"మా కొట్లో ఎవరున్నారు తల్లీ, మీ రైలొచ్చాక? స్కూటరు ఆపుకునే చోటుంటే కదా జనం వచ్చేది. రైల్లోంచి చెయ్యి చాపి గంజి తీసుకుంటారా?"

"కొంచెం వాళ్ళని పిలుస్తారా? లోపల జనం ఉక్కపోతకి అల్లాడుతున్నారు."

"పిలుస్తాను. నువ్వు తిన్నావా?"

"డ్యూటీలో ఉన్నానండీ."

"డ్యూటీలో ఉన్నావా అని అడిగానా? తిన్నావా అని."

"పొద్దున్న తిన్నాను."

"ఏంటి?"

"రొట్టె. సోయా పాలు."

"ప్లాస్టిక్ కాగితంలో చుట్టి అమ్ముతారు, ఆ రొట్టేనా?"

"అవును."

"అదీ ఒక తిండేనా. మీ ఆఫీసులో అన్నం పెట్టరా?"

"క్యాంటీన్ ఉంది. బాగానే ఉంటుంది."

"బాగుంటే ముఖం అలా పీక్కుపోయిందేం?"

"ముఖం కనబడట్లేదు కదా పిన్నిగారూ."

"కనబడినంతలో చెబుతున్నాను."

రేడియో గరగరమంది.

"ఏడో బండీ, పరిస్థితి చెప్పు."

"స్థానికురాలు ఒకరితో మాట్లాడుతున్నాను సెంటర్."

"స్థానికురాలు ఏమంటోంది?"

"రొట్టె మంచిది కాదంటోంది."

"ఏంటి?"

"ట్రక్కు చేపలవాళ్ళదట. తినడానికి వెళ్ళారట."

"ఎవరమ్మా డ్రైవరమ్మా ఆ పెట్టెలో మాట్లాడేది? మీ పైవాడా?"

"ఒకరకంగా పైవారే పిన్నిగారూ."

"గొంతు బాగుంది. పెళ్ళయిందా?"

"ఎవరికి?"

"ఆయనకి."

"నాకు తెలియదండీ."

"సెంటర్ నుంచి స్థానికురాలికి. నాకిద్దరు మనవలు."

"అయితే వద్దులే. ఆయన్ని కాసేపు ఉండమను, మనం మాట్లాడుకుంటున్నాం. నీకు చూసేవాళ్ళెవరైనా ఉన్నారా?"

"అంటే?"

"ఒంట్లో బాగోకపోతే గ్లాసుడు నీళ్ళిచ్చేవాళ్ళు."

"ఒక్కదాన్నే ఉంటాను. రేవు దగ్గర అద్దె గది."

"కిటికీ ఉందా?"

"ఉంది."

"ఎటు వైపు?"

"పక్కింటి గోడ వైపు."

"అది కిటికీ అవదు. గోడకి కన్నం. తడిబట్టలు ఎక్కడ ఆరేస్తావు?"

"పిన్నిగారూ, ఆ చేపలవాళ్ళు."

"వస్తార్లే. నాకొకటి అర్థం కాదు, అడుగుతాను చెప్పు. దీనికి పైన తీగ లేదు కదా, ఎలా నడుస్తుంది? అప్పట్లో మీటింగు పెట్టి మీవాళ్ళు చెప్పారు గానీ, నేను మైకులో అరుస్తున్నాను, వినబడలేదు."

"స్టాపులో ఆగినప్పుడు కప్పు మీంచి ఒక చెయ్యి పైకి లేచి అక్కడున్న కడ్డీకి తగులుతుంది. జనం ఎక్కి దిగేలోపు కరెంటు నింపుకుంటాం. మళ్ళీ వచ్చే స్టాపు దాకా అదే ఆధారం."

"దోసిట్లో నీళ్ళు పట్టుకుని పరిగెత్తినట్టు."

"అలాంటిదే."

"మధ్యలో ఆగిపోతే?"

"కారిపోతుంది. ఇప్పుడు కారుతోంది."

"పక్కకి తిప్పుకుని పోలేవూ?"

"స్టీరింగు ఉండదు పిన్నిగారూ. ముందుకు తోస్తే వెళుతుంది. వెనక్కి లాగితే ఆగుతుంది."

"అంతేనా? ఈ మాత్రానికి చదువెందుకు?"

"ఆపడమే కష్టం. రబ్బరు టైరు పట్టుకున్నట్టు ఇనుము ఇనుమును పట్టుకోదు. వాన పడితే మరీను. ఎక్కడ ఆగాలో చాలా ముందే అనుకోవాలి."

"ఎన్నాళ్ళు నేర్పారు?"

"ఎనిమిది నెలలు."

"పరీక్షలుంటాయా?"

"రాసేదొకటి, నడిపేదొకటి."

"ఎన్నోసారికి పాసయ్యావు?"

"మొదటిసారికే."

"రెండూనా?"

"రెండూ."

"ఎంతమంది రాశారు?"

"నలభై మంది. తొమ్మండుగురం పాసయ్యాం."

"ఆడపిల్లలు?"

"ముగ్గురం."

"ముగ్గురే. మీ ఇంట్లోవాళ్ళు సంతోషించి ఉంటారు."

"వాళ్ళకి చెప్పలేదు."

"ఎందుకని?"

"వాళ్ళకి ఈ రైలంటే పడదు."

"రైలంటే పడకపోతే, రైలంటే పడదు. పిల్ల పాసయితే దానికేం?"

"అలా అనుకోలేదు నేను."

"నువ్వనుకోలేదా, వాళ్ళు అనుకోనివ్వలేదా?"

"పిన్నిగారూ, చేపలవాళ్ళని పిలుస్తానన్నారు."

"అన్నాను. లోపల ఆవిడెవరు, అద్దం కొడుతోంది?"

"కేకు కరిగిపోతోందని."

"ఇటివ్వమను. చేపల ఐసులో పెడతాను."

"చేపల ఐసులోనా?"

"కరిగిపోవడం కంటే నయమా, కాదా? అడుగు."

"ఒక్క నిమిషం. అమ్మా, ఈవిడ మీ కేకుని చేపల ఐసులో పెడతానంటున్నారు. లేదమ్మా, నిజంగానే. సరేనమ్మా. వద్దంటున్నారు పిన్నిగారూ."

"వాళ్ళ కర్మ. ఇంకోటి అడుగుతాను. మా వీధివాళ్ళు మిమ్మల్ని ఏమైనా అంటారా? తిట్టడం, అదీ ఇదీ?"

"మొదట్లో అనేవారట. నేను చేరకముందు ఎవరో ముందద్దం మీద గంజి పోశారట."

"పోసింది నేనే."

"అలాగా అండీ."

"పాపం, అబ్బాయెవరో ఉన్నాడు లోపల. వేడిగా లేదులే. నీ మీద ఎవరూ పొయ్యలేదు కదా?"

"లేదు."

"పొయ్యరు. వీధిలో అందరికీ చెప్పాను, ఇక ఎవరూ ఏమీ పొయ్యడానికి వీల్లేదని. రెండేళ్ళయింది చెప్పి."

"ఎందుకు చెప్పారు?"

"గంజి దండగ."

"ఏడో బండీ, ట్రక్కు మనుషులు వచ్చారా?"

"లేదు సెంటర్."

"మరి స్థానికురాలు ఏం చేస్తోంది?"

"స్థానికురాలు మాట్లాడుతోంది."

"ఉండమ్మా, ఇప్పుడే మా అమ్మాయిని అడుగుతాను. తైపేలో ఇన్సూరెన్స్ ఆఫీసులో చేస్తుంది. ట్రక్కు అడ్డం పెట్టినవాడిదా, కొట్టు ముందుకొచ్చిన రైలుదా, తప్పెవరిదో దానికి తెలుస్తుంది."

"వద్దు పిన్నిగారూ, పనిలో ఉంటారేమో."

"ఉంటే ఎత్తదు, అంతే కదా. ఇదిగో, మోగుతోంది. అదేంటి, లోపలా ఏదో మోగుతోంది."

"ప్రయాణికులదండీ."

"నీ వెనక సంచీలోంచి వస్తోంది."

"ఎవరో మర్చిపోయారు. డిపోలో అప్పజెప్పాలి."

"ఎత్తు మరి. పారేసుకున్నవాళ్ళే చేస్తున్నారేమో, పాపం."

"నడిపేటప్పుడు ఫోను ఎత్తకూడదు."

"నువ్వు నడపట్లేదుగా."

"ఏడో బండీ, నీ క్యాబిన్‌లో ఫోను మోగుతోందా?"

"ఎవరో మర్చిపోయిన వస్తువు సెంటర్."

"మర్చిపోయినవాళ్ళు కనబడితే గట్టిగా చెప్పు, డ్యూటీలో ఫోను ఆపి పెట్టుకోవాలని."

"చెబుతాను సెంటర్."

"ఎత్తట్లేదమ్మా మా పిల్ల. పెట్టేశాను. ఇదిగో, నీ దగ్గరా ఆగిపోయింది. మీటింగులో ఉన్నట్టుంది. అక్కడ పనెక్కువ. ఆదివారం ఆదివారం మాత్రం తప్పకుండా చేస్తుంది. మొన్న ఆదివారం తైపేలో ఒకటే వాన అంది. అప్పుడే ఇక్కడా ఉరిమింది. అక్కడి ఉరుమూ, ఇక్కడి ఉరుమూ ఒక్కసారే వినబడ్డాయి ఫోన్లో."

"చిన్న దేశం కదా పిన్నిగారూ."

"చిన్న దేశమే."

"ఏడో బండీ."

"చెప్పండి సెంటర్."

"పక్కన ఎవరైనా ఉన్నారా?"

"స్థానికురాలు ఉంది."

"అయితే రేడియో మోత తగ్గించి, అవును, కాదు అని మాత్రం చెప్పు. స్థానికురాలి పేరు చెన్ చిన్‌చూ యేనా?"

"ఎందుకు సెంటర్?"

"అవునా, కాదా?"

"అవును."

"పోలీసుల దగ్గర్నుంచి కబురొచ్చింది. ట్రక్కు ఆవిడ పేరు మీదే ఉంది."

"కాదు సెంటర్, వాళ్ళది తెల్లది."

"తెల్లది ఏప్రిల్‌లో అమ్మేసింది. ఇది కొత్తది."

"అర్థమైంది."

"కరెంటు ఎంతుంది?"

"పావు వంతు."

"అది ఇంకా దిగితే పదకొండో బండిని తెచ్చి నిన్ను నెట్టించాలి. అంతదాకా పోతే పైవాళ్ళు విచారణ పెడతారు. విచారణ పెడితే ఈ రికార్డింగు బయటికి తీస్తారు. గదిలో అందరూ కూర్చుని మొత్తం వింటారు."

"మొత్తమా?"

"రొట్టె దగ్గర్నుంచి. అందుకని, ఏదో ఒకటి చెయ్యి."

"సరే సెంటర్."

"ఏమంటున్నాడమ్మా ఆ మనవల తాత?"

"పిన్నిగారూ, ఈ ట్రక్కు మీదేనట."

"ఎవరన్నారు?"

"పోలీసులు."

"వాళ్ళకింకేం పని."

"ఇందాక చేపలవాళ్ళదన్నారు."

"తెల్లారకుండా రేవుకి పోయి చేపలు తెచ్చేది నేను. పొలుసు తీసేది నేను. చేపలవాళ్ళం కాకపోతే మేమెవరం?"

"తినడానికి పోయారన్నారు."

"నువ్వొచ్చే ముందే తినేశాను."

"తాళం చెవి ఎక్కడుంది?"

"జేబులో."

"ఇంతసేపూ జేబులోనే ఉందా?"

"తాళం చెవి ఇంకెక్కడుంటుంది?"

"అంటే కావాలనే పెట్టారా?"

"పట్టాల మీద పొరపాటున ఎవరు పెడతారమ్మా? ఇంత వెడల్పు పట్టాలు, చుట్టూ గడ్డి."

"జరిమానా వేస్తారు."

"కడతాను."

"పేపర్లో వేస్తారు."

"వెయ్యనీ. కిందటిసారి ఫోటోలో జుట్టు సరిగ్గా లేదు."

"అరవై మంది ఉడికిపోతున్నారు పిన్నిగారూ. ఎందుకు పెట్టారు?"

"ఇక్కడ స్టాపు లేదు కదా."

"స్టాపు వద్దని ఇంటింటికీ తిరిగి సంతకాలు పెట్టించింది మీరే కదా."

"నీకెలా తెలుసు?"

"అందరికీ తెలుసు."

"నేనే పెట్టించాను. కొట్టుకి అడ్డమని. అప్పుడు అంత ముందుచూపు లేకపోయింది."

"తియ్యండి పిన్నిగారూ. దయచేసి తియ్యండి."

"తీస్తాను. అలా బతిమాలతావేంటి? ఇంత రైలు చేతిలో పెట్టుకుని. గట్టిగా చెప్పు."

"ట్రక్కు తియ్యండి."

"అదీ."

నీలం ట్రక్కు వెనక్కి జరిగి, సందు మొదట్లో ఆగింది.

"సెంటర్, ఏడో బండి. దారి ఖాళీ అయింది."

"వచ్చే స్టాపు దాకా కరెంటు చాలుతుందా?"

"ఏసీ పూర్తిగా ఆపేస్తే చాలుతుంది."

"ఆపేసి కదులు."

"ఆపేశాను. కదల్లేను."

"ఇంకేమొచ్చింది?"

"స్థానికురాలు మళ్ళీ కిటికీ దగ్గరికి వస్తోంది. కుంటుతూ వస్తోంది సెంటర్. ఇందాక చూసుకోలేదు నేను."

"ఏమంటుంది?"

"తెలియదు."

"ఏడో బండీ, నీ ముందు సిగ్నల్ ఏ రంగులో ఉంది?"

"పచ్చగా ఉంది."

"ఇప్పుడు?"

"ఎరుపు."

"పొరపాటున ఏదో నొక్కినట్టున్నాను. సరిచెయ్యడానికి ఒక నిమిషం పడుతుంది. అందాకా నాకు టీ తాగే పనుంది."

"సరే, లియావ్ అన్నా."

"సెంటర్ అను."

"సరే సెంటర్."

"డ్రైవరమ్మా."

"పక్కకి జరగండి పిన్నిగారూ. కదలాలి."

"ఎర్రదీపం వెలుగుతోంటే ఎక్కడికి కదులుతావు? ఒక్క మాట విను. రోజూ నేను గుమ్మంలో కూర్చుంటాను. వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ చూసే ఉంటావు."

"చూశాను."

"రేపట్నుంచి ఒక నెల రోజులు కూర్చోను. కొట్టు మూసి ఉంటుంది. మోకాలికి ఆపరేషను. పెద్దదేం కాదు. అరిగిపోయిందట, తీసి కొత్తది పెడతారట, అంతే. మూసిన కొట్టు చూసి ఏమైందోనని నువ్విక్కడ కంగారుగా బ్రేకు లాగావనుకో, లోపల నిలబడ్డ ముసలీ ముతకా పడిపోతారు. ఇనుము ఇనుమును పట్టుకోదని నువ్వే అంటివి. అందుకని ముందే చెబుతున్నాను."

"ఏ ఆస్పత్రి?"

"మీ రైలాగే చోటే, పెద్దాస్పత్రి. అక్కడ స్టాపుంది. దానికి నేను అడ్డుపడలేదు."

"తోడెవరొస్తారు?"

"నడిచి పోయి పడుకోవడానికి తోడెందుకు?"

"మీ అమ్మాయికి చెప్పారా?"

"దానికి చెబితే తైపే నుంచి రావాలి. పెట్టె సర్దుకోవాలి, బుల్లెట్ రైలు స్టేషను దాకా పోయి అక్కణ్ణుంచి టాక్సీలో దిగాలి, ప్రయాణం చేసి అలిసిపోయినట్టు ముఖం పెట్టాలి, తైపే కేకులు ఈ ఊళ్ళో ఏ కొట్లో దొరుకుతాయో వెతికి కొనుక్కురావాలి. ఎంత పని దానికి. అందుకే దానికి చెప్పలేదు, నీకు చెప్పాను."